లివర్ అన్నారు, తీరా చూస్తే గుండె పైపొర: మా నాన్న ఆపరేషన్, ఆసుపత్రి రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తా, 5కి 4. ఆపరేషన్ వరకు చూస్తే 5కి 5, బిల్లింగ్ కౌంటర్ దగ్గర 2 ఇచ్చినా ఎక్కువే, అన్నీ కలిపి నాలుగు. ఆసుపత్రి పేరు కావాలనే రాయట్లేదు, కింద తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి. హైదరాబాద్‌లో పెద్ద ఆసుపత్రే, గుండె ఆపరేషన్లు రోజూ జరిగేదే, ఆరోగ్యశ్రీ ఉన్నదే. అంతవరకు చాలు.

మా నాన్నకి 56 ఏళ్లు. కోదాడ దగ్గర మోటార్ వైండింగ్ షాపు. చుక్క మందు ముట్టని మనిషి. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, రెండేళ్లు మమ్మల్ని జబ్బు కంటే ఎక్కువ ఏడిపించింది ఇదే.

మొదట ప్యాంటు నడుము దగ్గర పట్టట్లేదన్నాడు. వయసొచ్చింది, పొట్టొచ్చింది అనుకున్నాం, అమ్మ రాత్రిపూట అన్నం మాన్పించి రొట్టెలు పెట్టింది. నాలుగు నెలలయ్యేసరికి భుజాలు, చేతులు పుల్లల్లా అయిపోయాయి, పొట్ట మాత్రం రోజురోజుకీ బిగుసుకుపోతోంది. సాయంత్రానికి కాళ్లు నొక్కితే గుంట పడేది. ఐదు హెచ్‌పీ మోటారు ఒంటి చేత్తో బల్ల మీదకి ఎక్కించే మనిషి కాయిల్ చుట్టడానికి కూర్చున్నా ఆయాసపడేవాడు.

మా ఊరి దగ్గర డాక్టరు స్కాన్ తీయించాడు. లివర్ పెద్దదైంది, పొట్టలో నీరు చేరింది. ఆయన అడిగిన మొదటి ప్రశ్న "ఎన్నేళ్ల నుంచి తాగుతున్నారు?" నాన్న అలవాటు లేదన్నాడు. డాక్టరు అమ్మ వైపు చూశాడు. అమ్మ కూడా లేదంది. ఆయన తల ఊపి చీటీ మీద "ఆల్కహాల్" అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు. ఆ ప్రశ్నార్థకం రెండేళ్లు మా ఫైల్లో అలాగే ఉంది, ఎక్కడికెళ్లినా అక్కడి డాక్టర్ల కళ్లు ముందు దాని మీదే పడేవి. మా చిన్నమ్మ కూతురి ఓణీల ఫంక్షన్లో భోజనాల దగ్గర బాబాయ్ అందరి ముందూ "షాపు వెనకాల ఏమన్నా కార్యక్రమం నడిచిందా అన్నయ్యా" అని నవ్వాడు. నాన్న కూడా నవ్వాడు. ఇంటికొచ్చాక రెండు రోజులు షాపు తెరవలేదు.

మధ్యలో పసరు మందు కూడా అయింది. పరగడుపున పోస్తారు, నలభై రోజులు పథ్యం, ఉప్పు లేకుండా చప్పిడి కూడు. దానికి నీరు కాస్త తగ్గింది కూడా! మా ఊళ్లో ఇప్పటికీ పసరు పని చేసిందనే చెప్పుకుంటారు, కానీ పని చేసింది చప్పిడి కూడు, ఒంట్లో నీరు పట్టినవాళ్లకి ఏ డాక్టరైనా మొదట మాన్పించేది ఉప్పే.

తర్వాత హైదరాబాద్‌లో ఒక లివర్ స్పెషలిస్టు దగ్గర ఏడాది పైన తిరిగాం (ఇప్పుడు రివ్యూ రాస్తున్న చోటు కాదు, వేరే చోటు). హెపటైటిస్ బీ, సీ రెండూ లేవు. ఎండోస్కోపీలో అన్నం దిగే గొట్టంలో ఉబ్బిన నరాలు లేవు. ఫైబ్రోస్కాన్‌లో మాత్రం లివర్ బాగా గట్టిపడిందని వచ్చింది, అంతే, కారణం తెలియని సిరోసిస్ అని ముద్ర పడింది. మూడు నాలుగు వారాలకోసారి పొట్టకి సూది గుచ్చి నాలుగైదు లీటర్లు తీసేవాళ్లు, పది రోజులు హాయి, మళ్లీ మామూలే. ఒకరోజు లివర్ మార్పిడి మాట ఎత్తారు. దాతగా ఇంట్లో ఎవరిది కుదురుతుందో చూసుకోమన్నారు. నేను బ్లడ్ గ్రూప్ పరీక్ష చేయించుకుని ఆ కాగితం బ్యాగులో పెట్టుకుని తిరిగాను. అమ్మకి చెప్పలేదు.

ఇక అసలు రివ్యూ.

సెకండ్ ఒపీనియన్ కోసం ఈ ఆసుపత్రికి వెళ్లాం, అదీ గ్యాస్ట్రో ఓపీకే. పెద్ద డాక్టరు గారు రావడానికి టైమ్ పడుతుందని ముందు ఒక జూనియర్ డాక్టర్ చూసింది, మహా అయితే ముప్పై ఏళ్లుంటాయేమో. ఆ అమ్మాయి మా ఫైల్లో కాగితాలన్నీ పీకి టేబుల్ మీద తారీఖుల ప్రకారం పేర్చింది. రెండేళ్లలో ఆ పని ఎవరూ చేయలేదు, అందరూ పైనున్న కాగితమే చదివారు. తర్వాత "ఎప్పుడైనా టీబీ వచ్చిందా" అని అడిగింది. నాన్న మామూలుగా లేదనేసి, కాసేపాగి, "ఇరవై రెండేళ్లప్పుడు ఛాతీలో నీరొచ్చింది, సూదులు, బిళ్లలు ఇచ్చారు, మూడు నెలలు వాడి తగ్గిందని మానేశా" అన్నాడు. ముప్పై ఏళ్ల కాపురంలో అమ్మకే తెలియదు ఆ సంగతి.

ఆ తర్వాత నాన్నని మంచం మీద ఏటవాలుగా పడుకోబెట్టి, లైటు పట్టుకుని మెడ వైపే చూస్తూ కూర్చుంది. గట్టిగా ఊపిరి పీల్చమంది. మనం ఊపిరి లోపలికి తీసుకున్నప్పుడు మెడ దగ్గరి సిర ఉబ్బు తగ్గాలట, నాన్నకి ఇంకా పైకి ఉబ్బింది. దీన్ని కుస్మాల్ సైన్ అంటారని, 1873లో జర్మనీ డాక్టరు రాసిపెట్టాడని నేను తర్వాత చదువుకున్నా. మామూలు సిరోసిస్ పేషెంట్లకి మెడ సిరలు ఇలా పొంగవు. అంటే రక్తం లివర్ దగ్గర కాదు, ఇంకా పైన, గుండె దగ్గర ఆగుతోంది. ఈ పరీక్షకి ఖర్చు సున్నా, పట్టిన టైమ్ రెండు నిమిషాలు.

ఇంకో సంగతి, నాకు ఇప్పటికీ కడుపు మండేది. పెద్ద డాక్టరు గారు వచ్చాక ఆ అమ్మాయి మా పాత కాగితాల్లోంచే మూడు లైన్లు చూపించింది. మొట్టమొదటి స్కాన్లోనే లివర్ సిరలు, పొట్టలోని పెద్ద సిర బాగా వెడల్పయ్యాయని రాసుంది. పొట్ట నీటి పరీక్షలో ప్రోటీన్ 3.8 ఉంది, సిరోసిస్ నీటిలో సాధారణంగా రెండున్నర లోపే ఉంటుందట, ఇంత ఉంటే గుండె వైపు చూడాలట. ఫైబ్రోస్కాన్ కూడా అంతే, రక్తం నిలిచి బిగుసుకున్న లివర్ కూడా అందులో గట్టిగానే కనిపిస్తుంది. మూడూ మా ఫైల్లోనే ఉన్నాయి, మా డబ్బుతోనే చేయించాం.

జబ్బు పేరు కన్‌స్ట్రిక్టివ్ పెరికార్డైటిస్. గుండె చుట్టూ పెరికార్డియం అని పల్చటి సంచి ఉంటుంది, మామూలుగా రెండు మిల్లీమీటర్ల లోపే మందం. టీబీ లాంటిది దానికి సోకి, మానే క్రమంలో అది దళసరై, గట్టిపడి, ఏళ్లు గడిస్తే సున్నం పట్టి పెంకులా తయారవుతుంది. లోపల గుండె కండరం బాగానే ఉంటుంది, కొట్టడంలో లోపం ఉండదు, కానీ రక్తం నింపుకోవడానికి సాగలేదు. రావాల్సిన రక్తం వెనక్కి సిరల్లో ఆగిపోతుంది, లివర్ ఉబ్బుతుంది, పొట్టలోకి నీరు ఊరుతుంది. మన దేశంలో దీనికి ఎక్కువగా టీబీయే కారణం. డాక్టరు గారు ఇదంతా చెప్తుంటే నాన్న మధ్యలో అందుకుని "అర్థమైంది సార్, సబ్‌మెర్సిబుల్‌కి చుట్టూ ఇసుక పట్టేసినట్టు. వైండింగ్ బాగుంది, తిరగనివ్వట్లేదు" అన్నాడు. ఆయన పెన్ను కింద పెట్టి ఇంకోసారి చెప్పించుకుని నవ్వారు.

వైండింగ్ బాగుండటమే మమ్మల్ని ముంచింది. ఏడాది క్రితం వేరే చోట తీసిన ఎకోలో గుండె పంపింగ్ 60 శాతం, నార్మల్ అని ఇచ్చారు. గుండె నార్మల్ అని ఆ దారి మూసేసుకున్నాం. ఈసారి ఎకో నలభై నిమిషాలు తీశారు, ఊపిరి పీల్చు, వదులు అంటూ, పీల్చినప్పుడు ఒక వైపు, వదిలినప్పుడు ఇంకో వైపు రక్తం ఎలా మారుతోందో కొలిచారు, గుండె మధ్య గోడ అటూ ఇటూ ఎగిరిపడటం స్క్రీన్ మీద నాకే కనిపించింది. సీటీలో గుండె చుట్టూ తెల్లటి అంచు, కొన్ని చోట్ల 7 మిల్లీమీటర్లు.

ఇంత తెలిశాక కూడా డాక్టర్లు ఆ పెంకు తీసే ఆపరేషన్‌కి వెంటనే ఒప్పుకోలేదు, క్యాథ్ (సన్నటి గొట్టం గుండెలోకి పంపి ప్రెషర్ కొలిచే పరీక్ష) చేయాల్సిందే అన్నారు. అప్పుడు విసుగొచ్చింది, డబ్బుల కోసమేమో అనుకున్నా, ఇప్పుడు తప్పనిపిస్తోంది. ఎందుకంటే అచ్చం ఇలాగే కనిపించే ఇంకో జబ్బుంది, రెస్ట్రిక్టివ్ కార్డియోమయోపతి అని, అందులో గట్టిపడేది పైపొర కాదు, గుండె కండరమే. దానికి ఈ ఆపరేషన్ చేసినా లాభం లేదు. రెండిటికీ తేడా పట్టాలంటే గుండె రెండు వైపులా ఒకేసారి ప్రెషర్ చూడాలి. నాన్నకి గుండె రక్తం నింపుకునే సమయంలో కుడి 23, ఎడమ 24, దాదాపు సమానం, గ్రాఫు కూడా పదో తరగతి లెక్కల్లోని వర్గమూలం గుర్తులాగే వచ్చింది. ఊపిరి పీల్చినప్పుడు ఎడమ వైపు కొట్టే ప్రెషర్ తగ్గి కుడి వైపుది పెరిగింది, ఒకే పెంకులో రెండు గదులు చోటు కోసం కొట్టుకుంటున్నాయన్నమాట. కండరం జబ్బయితే రెండూ కలిసి పెరిగేవి, కలిసి తగ్గేవి. అక్కడితో తేలిపోయింది.

సర్జన్ గారి గురించి రాయాలంటే ముందు ఆయన తెలుగు గురించి రాయాలి. బొమ్మ గీసి, అరగంట కూర్చుని చెప్పారు, అమ్మ అడిగిన ప్రతిదానికీ విసుక్కోకుండా. పెరికార్డియెక్టమీ అంటే ఛాతీ ఎముక మధ్యలో కోసి తెరిచి, గుండె మీది పెంకుని కుడి పక్క ఊపిరి నరం నుంచి ఎడమ పక్క ఊపిరి నరం దాకా ఒలిచేయడం, వీలైనంత కింద వైపు కూడా. ఆ నరాలు తెగితే డయాఫ్రమ్ (ఊపిరితిత్తుల కింద ఊపిరి ఆడించే కండరం) పని చేయదు కాబట్టి వాటిని కాపాడుకుంటూ చేయాలి. ఎడమ వైపు ముందు విడిపించాలి, కుడి వైపు ముందు వదిలేస్తే ఊపిరితిత్తుల్లోకి ఒక్కసారిగా రక్తం పొంగి, ఇంకా కట్టేసి ఉన్న ఎడమ గుండె దాన్ని అందుకోలేదు. సున్నం కండరంలోకి దిగిన చోట పీకితే గుండె చిరుగుతుంది, అలాంటి ముక్కల్ని దీవుల్లా వదిలేస్తారు. హార్ట్ లంగ్ మెషీన్ పక్కనే సిద్ధంగా ఉంటుంది, అవసరమైతేనే వాడతారు. ప్రాణానికి రిస్క్ ఎంత అంటే "మీ నాన్నగారి పరిస్థితికి నూటికి ఐదు నుంచి పది" అని సూటిగా చెప్పారు. అమ్మ లేచి బయటికెళ్లి కాసేపాగి మొహం కడుక్కుని వచ్చింది.

వెళ్లేముందు ఆయనే ఇంకో మాట చెప్పారు. 1896లోనే ప్రేగ్‌లో ఫ్రీడెల్ పిక్ అనే డాక్టరు, లివర్ సిరోసిస్‌లా కనిపిస్తూ అసలు జబ్బు గుండె పైపొరలో ఉన్నవాళ్ల గురించి రాశాడట, దానికి దొంగ సిరోసిస్ అన్న అర్థం వచ్చే పేరే పెట్టాడట. నేను మనసులో లెక్క వేసుకున్నా, మా చీటీ మీద ప్రశ్నార్థకం పడటానికి నూట పాతికేళ్ల పైన ముందు సంగతి.

ఆరోగ్యశ్రీ అప్రూవల్‌కి నాలుగు రోజులు పట్టింది. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి పరిమితి 10 లక్షలు చేశారు కాబట్టి ఆపరేషన్ డబ్బు గురించి మాకు టెన్షన్ లేదు, కానీ అప్రూవల్ రాకముందు చేసిన పరీక్షలు మా జేబులోంచే, 27 వేల చిల్లర. నాలుగు యూనిట్ల రక్తం మేమే చూసుకోవాలన్నారు, నాన్న షాపులో పనిచేసే కుర్రాళ్లు కోదాడ నుంచి తెల్లవారుజాము బస్సెక్కి వచ్చి ఇచ్చి, ఆ మధ్యాహ్నమే తిరిగి వెళ్లారు. ఫంక్షన్లో జోకేసిన బాబాయ్ కూడా వచ్చాడు. బీపీ ఎక్కువుందని ఆయన రక్తం తీసుకోలేదు, పాపం సాయంత్రం దాకా కారిడార్లోనే నిలబడ్డాడు.

ఇక తిట్లు. కన్సెంట్ ఫారం ఇంగ్లీషులో ఆరు పేజీలు. నాన్న తెలుగు మీడియంలో ఏడు దాకా చదివాడు. ఛాతీ తెరిచే మనిషి చేత అతనికి రాని భాషలో సంతకం పెట్టించడం ఏమిటండీ? తెలుగు కాగితం ఉందా అంటే "సర్జన్ సార్ చెప్పారుగా" అన్నారు. చెప్పారు, నిజమే, అందరు సర్జన్లూ అలా చెప్తారా?

కౌంటర్లో ఇంకో ముచ్చట. ఆరోగ్యశ్రీ కేసు అని తెలిసి కూడా 20 వేలు డిపాజిట్ కట్టించుకున్నారు, రసీదు మీద దేనికో రాయలేదు. గొడవపడితే రేపు రండి, ఎల్లుండి రండి. చివరికి ఆరోగ్యశ్రీ తరఫున ఆసుపత్రిలోనే కూర్చునే ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లి 104కి ఫోన్ చేస్తానంటే అప్పుడు వెనక్కిచ్చారు. ఇది చదివేవాళ్లు మొదటి రోజే ఆరోగ్యమిత్రని కలిసి పెట్టుకోండి, మేము తొమ్మిదో రోజు కలిశాం.

ఆపరేషన్ ఐదు గంటల పైన పట్టింది. మెషీన్ అవసరం పడలేదు. బయటికొచ్చాక సర్జన్ గారు ల్యాబ్‌కి పంపబోయే ముక్కల్ని డబ్బాలో చూపించారు, కొన్ని తోలులా, కొన్ని అచ్చం కొబ్బరి చిప్ప పెంకుల్లా. "కత్తెరకి లొంగలేదమ్మా, ఎముక కొరికే పరికరం వాడాం" అన్నారు. సిరల్లో ప్రెషర్ 23 నుంచి 11కి దిగింది.

అప్పటికప్పుడు లేచి కూర్చుంటాడని అనుకున్నాం కానీ అలా జరగలేదు, ఇది ముందే తెలిసుంటే మంచిది. ఆరు రోజులు గుండెకి సపోర్టు మందులు నడిచాయి, బీపీ నిలబడేది కాదు. ఏళ్ల తరబడి బిగించి ఉంచిన కండరం కదా, "ఆరు వారాలు కట్టు కట్టిన చెయ్యి, కట్టు విప్పిన రోజే బిందె ఎత్తుతుందా?" అన్నారు ఐసీయూ మేడమ్. ఐసీయూలో రోజుకి రెండుసార్లు, పదేసి నిమిషాలు, ఒక్కరికే అనుమతి. సిస్టర్స్‌లో ఎక్కువమంది మలయాళీలు, వచ్చీరాని తెలుగులో నాన్నని "అచ్చా" (వాళ్ల భాషలో నాన్నా అని) అని పిలిచి దగ్గించేవాళ్లు, ఛాతీకి దిండు అదుముకుని దగ్గాలని, మూడు బంతుల డబ్బాతో ఊపిరి లాగాలని. నాలుగో రోజు నుంచి యూరిన్ ధారాళంగా రావడం మొదలైంది చూడండి, రోజుకి నాలుగు లీటర్లు, ఐదు లీటర్లు. డిశ్చార్జ్ నాటికి 14 కిలోలు తగ్గాడు, తగ్గిందంతా నీరే. ఆయన పాదాల మీద ఎముకలు కనిపించడం చూసి అమ్మ వాటిని చేత్తో తడిమింది.

ల్యాబ్ రిపోర్టులో టీబీ గుర్తులు ఉన్నాయి, కాబట్టి ఆరు నెలల కోర్సు పెట్టారు, రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు. మందులు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది, తిండి కోసం నెలకి వెయ్యి బ్యాంకులో వేస్తారు, ఇంతకుముందు 500 ఉండేది, 2024 నవంబర్ నుంచి పెంచారు. యూరిన్ నారింజ రంగులో వస్తుందని ఎవరూ చెప్పలేదు, మొదటి రోజు రక్తం అనుకుని రాత్రి పదకొండింటికి వార్డుకి ఫోన్ చేశాం. అది మందు రంగేనట. ఈసారి బిళ్లల కాగితం మీద అమ్మ రోజూ తారీఖు వేస్తోంది, ఇరవై రెండేళ్ల కుర్రాడు మూడు నెలలకి మానేసిన కథ మళ్లీ కాకుండా.

డిశ్చార్జ్ రోజు పొద్దున పదింటికి వెళ్లిపోవచ్చన్నారు, బయటపడేసరికి రాత్రి ఏడు నలభై. ఫార్మసీ క్లియరెన్స్, ఆరోగ్యశ్రీ ఫోటో, ఏదో సంతకం, ఆ సంతకం పెట్టే ఆయన భోజనానికి వెళ్లాడు, ఇలా. కుట్లున్న మనిషి ప్లాస్టిక్ కుర్చీలో మూడు గంటలు కూర్చున్నాడు. ఇందుకే ఆ ఒక్క స్టార్ కోసేశా.

మూడో నెల రివ్యూకి మొన్ననే వెళ్లొచ్చాం. ఆపరేషన్ తర్వాత ఒక్కసారి కూడా పొట్టలో నీళ్లు తీయించాల్సి రాలేదు. ఒంట్లో నీరు లాగే బిళ్ల రోజుకి సగానికి తగ్గించారు, ఫైబ్రోస్కాన్ అంకె బాగా దిగింది. షాపుకి వెళ్తున్నాడు కానీ మోటార్లు ఎత్తనివ్వట్లేదు, కుర్రాళ్లు ఎత్తిపెడితే కూర్చుని కాయిల్ చుడుతున్నాడు. ఆ జూనియర్ డాక్టరమ్మని కలుద్దామని గ్యాస్ట్రో ఓపీకి వెళ్తే ఆ అమ్మాయి డ్యూటీ వేరే యూనిట్‌కి మారిందన్నారు. నాన్న స్వీట్ బాక్స్ పట్టుకుని మూడు అంతస్తులు ఎక్కాడు, మెట్ల మీద, లిఫ్ట్ దగ్గర లైన్ ఉందని.

ఈ ఆసుపత్రికి వెళ్లేవాళ్లకి ఒకటే, పాత స్కాన్లు, పాత రిపోర్టులు, పాత చీటీలు ఒక్కటీ పారేయకుండా తారీఖుల వరసలో పెట్టుకుని తీసుకెళ్లండి. ఓపీ టోకెన్లు ఏడింటికి మొదలు, ఎనిమిది దాటితే మధ్యాహ్నమే. పార్కింగ్ లోపల దొరకదు, బైక్ అయితే వెనక గేటు సందులో పెట్టుకోవచ్చు.